పేర్లు లేని అచ్చులు

హనుమాయమ్మ నోటి నిండా మైనం ఉండగా వీధిలో దండోరా మొదలైంది. పళ్ల అచ్చు సరిగ్గా పడాలంటే మైనం గట్టిపడేదాకా దవడ కదపకూడదు. అందుకని ఆవిడ నోరు తెరుచుకునే ఉండి, కళ్లు గుండ్రంగా తిప్పుతూ, ఏమంటున్నాడో చెప్పమని సైదాబీ చెయ్యి గిల్లింది.

"కదలకు పెద్దమ్మా! కదిలావంటే మళ్లీ మొదటికొస్తుంది," అంది సైదాబీ. తన చెవులూ వీధిలోనే ఉన్నాయి.

"రేవుపాలెం పురపాలక సంఘం వారి హుకుం ఏమనగా! వచ్చే నెల ఒకటో తారీకు మొదలు ఊళ్లో పళ్లు పీకేవాళ్లూ, పళ్లు కట్టేవాళ్లూ లైసెన్సు పుచ్చుకోవాలహో! లైసెన్సు లేకుండా ఒకరి నోట్లో వేలు పెడితే జుల్మానా, సామాను జప్తహో!"

ఒకరి నోట్లో వేలు పెడితే అనేసరికి హనుమాయమ్మకి నవ్వాగలేదు. సైదాబీ వేళ్లు అప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఆ నవ్వుకి మైనం కాస్తా వంకరపోయింది. సైదాబీ దాన్ని బయటికి లాగి, వేణ్ణీళ్లలో పడేసి, మళ్లీ మెత్తబరచడం మొదలుపెట్టింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

సైదాబీకి ఊళ్లో పేరు పళ్ల బూబమ్మ. ఆ పేరు తెలియని ఆడది రేవుపాలెంలో లేదు. తెలుసునని ఒప్పుకునే ఆడదీ లేదు. బెజవాడ వన్‌టౌన్‌లో ఆమె భర్త ఖాజా మొహిద్దీన్ పళ్లు కట్టేవాడు. ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు నోరు తెరవరు గనక, వాళ్లకి లోపలి గదిలో సైదాబీ చేత అచ్చు తీయించేవాడు. అలా పదిహేనేళ్లు తీయగా తీయగా తన చెయ్యి కన్నా ఆమె చెయ్యే మెరుగని ఆయనే ఒప్పుకున్నాడు, నలుగురిలో కాదు లెండి. ఆయన పోయాక ఆమె పనిముట్ల పెట్టె సర్దుకుని, పడవెక్కి, కాలవ దిగువన ఉన్న ఈ నేతవాళ్ల ఊరికి వచ్చేసింది. అప్పటికీ ఇప్పటికీ ఎనిమిదేళ్లు. యుద్ధం వచ్చి వెళ్లింది, నూలు మీద కంట్రోలు వచ్చి వెళ్లకుండా కూచుంది. సైదాబీ మాత్రం ఏడాదికి రెండుసార్లు వన్‌టౌన్ వెళ్లి పింగాణీ పళ్లూ, చిగుళ్లకి ఎర్ర రబ్బరూ కొనుక్కొచ్చి, తన పని తను చేసుకుంటోంది.

నేతవాళ్ల ఊరే ఎందుకంటే, మగ్గం ఉన్న ఇంట్లో పన్ను కూడా ఒక పనిముట్టే. తెగిన పోగుని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ముడేసి, మిగిలిన కొసని ముందు పళ్లతో పుటుక్కున తెంపాలి. కత్తెర పట్టుకోడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. ముందు పళ్లు పోయిన మనిషి పోగు అతకలేదు. అతకలేని ముసలిదాన్ని కోడళ్లు మెల్లిగా పొయ్యి దగ్గరికి తోస్తారు. హనుమాయమ్మని రెండు నెలలుగా అలాగే తోస్తున్నారు. అందుకే సైదాబీ కట్టిన పళ్లకి అసలు పరీక్ష అద్దంలో కాదు. అరవయ్యో నంబరు సన్న నూలు పోగొకటి నోటికిచ్చి కొరకమంటుంది. ఒక్క కొరుకుకి తెగితే పళ్లు కుదిరినట్టు. నలిగి పీచు లేచిందా, ఆకురాయి పట్టుకుని మళ్లీ కూర్చుంటుంది.

"నోట్లో చూసింది నోట్లోనే ఉండాలి." మొహిద్దీన్ ఆమెకు మైనం పట్టుకోవడం కన్నా ముందు నేర్పింది ఆ మాట. వెనక గదిలో చెక్క బల్ల మీద నూట పన్నెండు సుద్ద అచ్చులున్నాయి. కట్టిన పళ్లు విరిగితే మళ్లీ చెయ్యాలి గనక అచ్చు పారెయ్యకూడదు. ఒక్కదాని మీదా పేరు లేదు. ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు కట్టి, ముడులు వేసి ఉంటుంది. ఏ రంగు ఎవరిదో, ఎన్ని ముడులు ఎవరివో ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు. నీలం దారం, మూడు ముడులు ఉందే, అది పెళ్లికి నెల ముందు నూతి గిలక ఊడి మొహాన పడి రెండు ముందు పళ్లు పోగొట్టుకున్న పిల్లది. కాపురానికొచ్చి మూడేళ్లయినా మొగుడికి తెలియదు. అత్తగారి ఎదుటే విరగబడి నవ్వుతుంది. ఆ నవ్వు వీధిలో వినబడ్డప్పుడల్లా సైదాబీ తన పనికి తనే మురిసిపోతుంది.

ఒకటో తారీకుకి వారం ముందు సైదాబీ సంఘం ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా వెంకటప్పయ్య మంచివాడే. కాగితం ఎంత చెప్తే అంత చేసే రకం మంచివాడు.

"నీకు భయం లేదు బూబమ్మా," అన్నాడు. "కొత్తవాళ్లైతే మద్రాసు వెళ్లి పరీక్ష పాసవ్వాలి. అయిదేళ్లుగా పని చేస్తున్న వాళ్లకి అదేం అక్కర్లేదు. నీ చేత పళ్లు కట్టించుకున్న వాళ్లు పదిమంది పేర్లు, ఇంటి నంబర్లు, వేలిముద్రలు పట్రా. జాబితా నెల్రోజులు బోర్డు మీద అంటిస్తాం. ఆక్షేపణ రాకపోతే లైసెన్సు నీ చేతిలో పెడతాను."

"ఏ బోర్డండీ?"

"అదుగో, వరండాలో. నూలు కార్డుల జాబితా పక్కన."

సైదాబీ తిరిగి చూసింది. నూలు కార్డుల కోసం ఊరు ఊరంతా ఆ వరండాలోనే నిలబడుంది.

"పేర్లు ఇవ్వనండి," అంది.

"పదేగదమ్మా!"

"ఒక్కటైనా ఇవ్వను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని వాళ్లు నా దగ్గరికి వెనక గుమ్మంలోంచి వస్తారు. ఆ చించేది నేనే అయితే ఇంక నా గుమ్మం ఎవరు తొక్కుతారు? లైసెన్సు గోడకి తగిలించుకుని దాని మొహం చూస్తూ కూచోవాలి."

వెంకటప్పయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చైర్మన్ గారి పట్టుదల నీకు తెలీదు. ఆరేళ్ల కిందట ఆయన తమ్ముడు సంతలో ఎవడి చేతనో పన్ను పీకించుకుని, దవడ వాచి, పదో రోజున పోయాడు. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అని వెళ్లాట్ట పాపం. ఆ నిప్పు ఆయన కడుపులో ఇంకా ఆరలేదు."

సైదాబీకి ఆ కబురు తెలుసు. అప్పుడు తనూ ఏడ్చింది. ఉడకబెట్టని పటకారు నోట్లో పెట్టినవాణ్ణి తిట్టుకుంది కూడా. అయినా చేతిలోని ఖాళీ ఫారం మడిచి, గుమాస్తా బల్ల మీదే పెట్టేసి వచ్చింది.

సంగతి విని హనుమాయమ్మ మండిపడింది. "నా పేరు రాయించు! డెబ్బై ఏళ్లదాన్ని, నాకింకా పెళ్లి చూపులా ఏవన్నానా?"

"నువ్వు ఒక్కదానివి పెద్దమ్మా. పదిమంది కావాలి."

"మిగతా తొమ్మిదిమందినీ అడుగు."

"అడిగితే కాదనలేరు. పళ్లు కట్టినదాన్ని గదా, మొహమాటపడి వేలు ముద్దరేస్తారు. ఆ తరవాత ఇంట్లో తన్నులు తింటారు. అందుకే అడగను."

అలా అన్నదే గానీ, ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. పని పోతే పటమటలో ఉన్న అన్న ఇంటికి పోయి, వదిన పెట్టిన ముద్ద తిని పడుండాలి. యాభై రెండేళ్ల వయసులో, ఇంత పని చేతిలో ఉంచుకుని, ఒకరి పంచన బతకడమా! అది తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మంటలో కూడా నీలం దారం పిల్ల నవ్వే గుర్తొచ్చింది.

ఒకటో తారీకు వచ్చింది. రెండో తారీకు మిట్టమధ్యాహ్నం సైదాబీ పీట, వేణ్ణీళ్ల గిన్నె, ఆకురాయి తెచ్చి వీధి అరుగు మీద పెట్టుకుంది. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ వెనక గదిలో తప్ప పని చెయ్యని మనిషి, పట్టుకుంటే బాహాటంగానే పట్టుకోనీ అనుకుంది. హనుమాయమ్మ వచ్చి అరుగు మీద సింహాసనం ఎక్కినట్టు కూచుంది. వీధిలో జనం పోగయ్యారు. సంఘం బంట్రోతు కూడా వచ్చి, నోటుబుక్కు తీసి నిలబడ్డాడు.

సైదాబీ కొత్త పళ్లు అమర్చి, నూలు పోగు అందించింది. హనుమాయమ్మ పుటుక్కున తెంపి, తెగిన కొసని బంట్రోతు కాళ్ల దగ్గర ఉమ్మేసింది.

"రాసుకో నాయనా. చౌడయ్య తల్లి హనుమాయమ్మ, మూడో వార్డు. పళ్లు ఆరు. బాగా కుదిరాయి. అది కూడా రాసుకో."

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. సంఘం మీటింగుకి హాజరై సంజాయిషీ చెప్పుకోవాలి, లేకపోతే సామాను జప్తు చేసి కోర్టుకి పెడతారు. అదే మీటింగులో హనుమాయమ్మ కొడుకు, నేతవాళ్ల వార్డు మెంబరు చౌడయ్య, ఆ లైసెన్సు రూలు మొత్తం రద్దు చెయ్యాలని తీర్మానం ఇచ్చాడు. చౌడయ్య మీటింగుల్లో ఆవలించడానికి తప్ప నోరు తెరిచి ఎరగడు. వాళ్లమ్మ తెరిపించింది.

మీటింగు నాడు సైదాబీ తోపుడు బండి మీద నాలుగు గంపలు పెట్టించుకుని వచ్చింది. వాటి మీద పాత గుడ్డలు కప్పి ఉన్నాయి. చైర్మన్‌తో కలిపి మెంబర్లు తొమ్మిదిమంది. మధ్యన చైర్మన్ ఆదిశేషయ్య, బట్టల వర్తకుడు, నిలువెత్తు మనిషి.

చౌడయ్య తీర్మానం చదివి, చెమట తుడుచుకుని కూచున్నాడు. ఆదిశేషయ్య లేచాడు.

"నేను ఎవరి పొట్టా కొట్టడానికి ఈ రూలు తేలేదు. మా తమ్ముడు పోయేటప్పుడు మంచినీళ్లు కూడా మింగలేకపోయాడు. దూదితో పెదాలు తడిపింది నేను. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని తెచ్చాను."

సైదాబీ తల దించుకుంది. ఆ బాధ అబద్ధం కాదని ఆమెకు తెలుసు. అయినా తలెత్తి అడిగింది.

"బాబుగారూ, ఆ సంతవాడి పేరేంటండీ?"

"తెలిస్తే వాణ్ణి ప్రాణాలతో వదిలేవాణ్ణా?"

"అంతేగదండీ. వాడు పొద్దున సంతలో పీకి, సాయంత్రం ఊరు దాటేస్తాడు. మీ లైసెన్సు కోసం వాడు రాడు, మీ బంట్రోతుకి చిక్కడు. చిక్కేది ఇల్లూ వాకిలీ పెట్టుకుని, పటకారు ఉడకబెట్టుకుని, ఇక్కడే కూచున్న నేను. వల వేసింది వాడికి, పడింది నేనూనా?"

చౌడయ్య బల్ల చరిచాడు. ఆదిశేషయ్య మొహం ఎర్రబడింది.

"అంత నిజాయితీ గలదానివి పదిమంది పేర్లు చెప్పడానికి నీకేం అడ్డం? ఉంటే గదా చెప్పడానికి! నీ పని కుదిరినవాళ్లు ఈ ఊళ్లో పదిమంది కూడా లేరు. అదీ సంగతి."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. సైదాబీ గంపల మీద గుడ్డలు తీసి, ఒక్కో అచ్చూ ఎత్తి మెంబర్ల ముందు బల్ల మీద పెట్టసాగింది. రెండు గంపలు ఖాళీ అయ్యేసరికి బల్ల చాలలేదు. మిగతావి నేల మీద వరసగా పేర్చింది.

"నూట పన్నెండు నోళ్లండి," అంది నడుం నిటారుగా చేసుకుని. "ఈ ఊరివే. నేత వార్డువి సగం. మిగతావి మీ మీ వీధులవి."

"ఎవరెవరివి?" అన్నాడు ఎవరో.

"నేను చెప్పను. మీ ఇంట్లో ఆడవాళ్ల మొహాలు మీరు రోజూ చూస్తారుగదా. ఇది మా ఆవిడది, ఇది మా అమ్మది, ఇది మా కోడలిది అని మీలో ఎవరైనా ఒక్కటి గుర్తుపట్టి పక్కన పెట్టండి. పట్టినదానికల్లా పేరు నేనే రాయిస్తాను. పదైతే లైసెన్సు ఇవ్వండి. కాకపోతే నా పెట్టె పట్టుకుపొండి."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మెంబర్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కాసేపటికి ఒకాయన ఒంగి చూశాడు. ఇంకొకాయన చేత్తో తిప్పి చూశాడు. నూనె మిల్లు మెంబరు, కళ్లజోడు పెట్టుకుని, ఒక అచ్చుని ఏకంగా కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. దానికి నీలం దారం వేలాడుతోంది. మూడు ముడులు.

ఆయన కోడలే ఆ పిల్ల.

పందెం కాసింది సైదాబీ, ఆయన గుర్తుపడితే కొంప కూలేది ఆ పిల్లది. ఎంత పొగరుబోతుదాన్ని నేను, అనుకుంది. ఆ అచ్చు ఒక్కటీ ఇంట్లో వదిలి రావచ్చు గదా! పొద్దున గంపలు సర్దేటప్పుడు నూట పన్నెండూ ఉండాలని పంతం పట్టి, లెక్క తగ్గనివ్వలేదు. నూనె మిల్లాయన అచ్చుని వెలుతురులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇదెవరో మగవాడి పళ్లలా ఉన్నాయే," అని తెచ్చి బల్ల మీద పడేశాడు.

సైదాబీ ఆ అచ్చుని మిగతావాటిలోకి తోసేసింది. మూడేళ్లుగా రోజుకి రెండు పూటలు ఆ పిల్ల చేతి అన్నం తింటున్న మనిషి! బతికిపోయానన్న సంతోషం ఒక పక్క, ఇదేం చూపురా భగవంతుడా అన్న కోపం ఒక పక్క ఆమెను ఊపేశాయి.

ఒక్కరూ ఒక్క అచ్చు కూడా పక్కన పెట్టలేదు. తొమ్మిదిమందీ తేలు కుట్టిన దొంగల్లా కూచున్నారు. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, వెంకటప్పయ్య దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"ఆఫీసు పద్ధతి మనవి చేస్తానండి. జప్తు అంటూ చేస్తే ఇవన్నీ కోర్టు సామాను అవుతాయి. ఒక్కోదానికి నంబరు వెయ్యాలి. ఏది ఎవరిదో ఇల్లిల్లూ విచారించి పట్టీ రాయాలి. ఆ పట్టీ కూడా రూలు ప్రకారం బోర్డు మీదే పెట్టాలండి."

మెంబర్ల చూపులు మళ్లీ బల్ల మీదికి వెళ్లాయి. ఇందాకటిదాకా అవి సుద్ద ముక్కలు. ఇప్పుడు వాటిలో తన ఇంటిది ఎన్నోదో ఎవరికి వారికే తెలియదు. నూనె మిల్లాయన అందరికన్నా ముందు చెయ్యెత్తాడు, రూలు రద్దు చెయ్యాలని. ఒకరి వెనక ఒకరు మొత్తం ఎనిమిది చేతులు లేచాయి. ఆదిశేషయ్య చెయ్యి లేవలేదు.

"రద్దయింది," అన్నాడు ఆయన. తరవాత సైదాబీ వంక చూసి, "రేపు నీ వల్ల ఎవరి దవడైనా చీము పడితే ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా తమ్ముడే ఎక్కువున్నాడు.

"నన్ను పట్టుకోండి బాబుగారూ. నా ఇల్లు తెలుసు, నా పేరు తెలుసు. నేను దాచింది వాళ్ల పేర్లే గానీ నా పేరు కాదు."

అచ్చులన్నీ మళ్లీ గంపల్లోకి ఎక్కాయి. నీలం దారందాన్ని మాత్రం ఆమె కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున పది గంటలకి ఇంటి ముందు సవారీ బండి ఆగింది. ఒకావిడ దిగి, వెనక గుమ్మం వైపు తిరక్కుండా తిన్నగా వీధి గుమ్మంలోంచే లోపలికి వచ్చింది. ఆదిశేషయ్య భార్య సంపూర్ణమ్మ. ఆవిడ నూట పన్నెండుమందిలో లేదు. ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

సైదాబీ చాప వేసింది. సంపూర్ణమ్మ కూచుని, గోడ వంక చూస్తూ మొదలుపెట్టింది.

"నిన్న మునిమాపు వేళ భోజనానికి కూచుని, అన్నం కలపబోతూ ఆగిపోయారు. సంపూర్ణం, ఒకసారి నోరు తెరువు అన్నారు."

"తెరిచారా అమ్మా?"

"ముప్ఫై రెండేళ్ల కాపురంలో మొదటిసారి అడిగితే తెరవకుండా ఉంటానా? లాంతరు తెచ్చి మరీ చూశారు. కట్టుడు పన్ను ఒక్కటీ లేదని ఊపిరి పీల్చుకున్నారు. ఆనక మళ్లీ లాంతరు ఎత్తి, కుడి పక్క పళ్లేవి అన్నారు. నాలుగు కాన్పుల్లో నాలుగూ పోయాయి అన్నాను. ఎప్పుడు అన్నారు. చిన్నాడికి పద్దెనిమిదేళ్లు, అప్పట్నించీ ఎడం పక్కనే నములుతున్నాను అన్నాను." ఆవిడ కుడి బుగ్గ తడుముకుంది. "లాంతరు కింద పెట్టి, అన్నం తినకుండా చెయ్యి కడిగేసుకున్నారు. పొద్దున తనే బండి కట్టించి, వెళ్లి కట్టించుకో అన్నారు."

సైదాబీ నిన్నటి గెలుపు కన్నా ఇది ఎక్కువో తక్కువో తేల్చుకోలేకపోయింది. మైనం వేణ్ణీళ్లలో వేసి, అలవాటు కొద్దీ నూలు పోగుల బుట్ట దగ్గరికి లాక్కుంది.

"మీ అచ్చుకి పేరు రాయమంటారా? మీ విషయంలో దాచాల్సిన పనేముంది?"

"వద్దు," అంది సంపూర్ణమ్మ. "అందరికీ కట్టినట్టే నాకూ దారం కట్టు."

"ఏ రంగు కట్టనమ్మా?"

సంపూర్ణమ్మ బుట్టలోకి తొంగి చూసింది. మొదటిసారి, ఎడం పక్క మాత్రమే కనబడేలా, నవ్వింది.

"ఏదైనా సరే. ఆయన గుర్తుపట్టలేనిది."

"అయితే ఏ రంగైనా ఒకటే," అంది సైదాబీ. "నోరు తెరవండి."